ఆరు వోల్టుల బ్యాటరీకి నేను పెట్టిన పచ్చ లైటు

ఖమ్మంల నాది చిన్న ఎలక్ట్రానిక్స్ రిపేరు దుకాణం. సెల్ టవర్లు ఇంకా అడవి దాక రాని రోజులవి. ములకలపల్లి అవతల ఒక ఊర్లె, సర్కారు నర్సమ్మ ఉండే ఆరోగ్య సెంటర్ల వైర్‌లెస్ ఫోన్ ఒకటుండె. ఊరంతటికి అదొక్కటే. సోలార్ పలకతో నిండే ఆరు వోల్టుల బ్యాటరీ మీద నడిచేది. మణుగూరుకు కూలికి పోయినోళ్లతో మాట్లాడేతందుకు జనం పొద్దుందాక లైను కట్టేటోళ్లు. పాణం మీదికొచ్చిననాడు బ్యాటరీ అయిపోతే దవాఖానా జీపును పిలిచేదెట్ల అని నర్సమ్మ రంది. "తమ్మీ, ఎంత మిగిలిందో చూపెట్టేది ఏదన్న చెయ్యి" అన్నది నాతోని.

మైక్రోకంట్రోలర్ చిప్పు పెట్టి చిన్న బోర్డు చేసిచ్చిన. బ్యాటరీ వోల్టేజ్ సరిపోను ఉంటే పచ్చ లైటు, దిగితే ఎర్ర లైటు. ఊరోళ్లు దానికొక కట్టుబాటు పెట్టుకున్నరు. పచ్చది ఉన్నంతసేపు ఎవరన్న మాట్లాడొచ్చు. ఎర్రది వచ్చిందంటే ఫోన్ ముట్టొద్దు, మిగిలిన ఛార్జింగ్ ఆపదకు. ఊరి పెద్ద కూడ దాన్ని మీరలే. నాకైతే మస్తు గర్వమనిపించింది.

వానకాలం వచ్చింది. వారం రోజులు ఎండ మొఖం లేదు. ఒకామెకు పొద్దుగాల నొప్పులు మొదలైనయి, మధ్యాహ్నానికి బిడ్డ అడ్డం తిరిగింది. నర్సమ్మ జీపు కోసం ఫోన్ ఎత్తితే చప్పుడు లేదు. లైటు మాత్రం పచ్చగనే ఉంది. మంచానికి కర్రలు కట్టి ఆమెను వానలనే రోడ్డు దాక మోసుకపోయిన్రు. తల్లి బతికింది. బిడ్డ దక్కలే.

మూడో రోజు నాకు కబురు తెలిసింది. పోయి బోర్డు ఊడదీసి తెచ్చి దుకాణంల పరీక్ష పెడితే సక్కగ చూపెడుతది. మళ్ల పెడితే మళ్ల సక్కగనే. వైర్లు మార్చిన, అతుకులు మార్చిన, రెండు రోజులు తల బాదుకున్న. అన్నం తినమని పిలిచినందుకు నా పెండ్లాం మీద అరిచిన. ఆఖరికి తెలిసింది. నా టేబుల్ మీద చిప్పుకు కరెంటు గోడ ప్లగ్గు నుంచి ఇస్తున్న. ఊర్లె చిప్పు నడిచేది అదే బ్యాటరీ మీద. చిప్పు బ్యాటరీని తనకు అందే వోల్టేజ్‌తో పోల్చి కొలుస్తది. బ్యాటరీ దిగినకొద్ది ఆ అందేది కూడ దిగుతది. బియ్యంతో పాటు తూకం రాయి కూడ తరుగుతుంటే కాంటకు ఏం తెలుస్తది? ఫోన్‌కు చాలని ఛార్జింగ్ కూడ చిన్న లైటు వెలగనీకి చాలుతది. మారని వోల్టేజ్ ఒకటి చిప్పు లోపలనే ఉంటది. దాంతో పోల్చమని ప్రోగ్రాంల ఒక్క లైను రాస్తే అయిపోయేది. చిప్పుతో వచ్చిన పుస్తకంల గా పేజీ నేను చదవకుండనే తిప్పేసిన. థూ, నా బతుక్కు.

సరిచేసిన బోర్డు పట్టుకొని పోయిన. బిడ్డను పోగొట్టుకున్నామె పెనిమిటి సెంటర్ బయట కూసున్నడు. ఆ పొద్దు ఫోన్ల ఆఖరుకు మాట్లాడింది ఆయనేనట. నొప్పులు మొదలైనయని మణుగూరుల ఉన్న అన్నకు చెప్పుకున్నడు. నేను పక్కన కూసొని అంత చెప్పిన. నీ తప్పు లేదు, అప్పటికే ఛార్జింగ్ అడుగంటింది, లైటు పచ్చగ చూపెట్టుడు నా తెలివితక్కువతనం అన్న.

ఆయన నిమ్మలంగ ఇన్నడు. "అవ్ సారూ, మీరు మంచోళ్లు, గట్లనే అంటరు" అన్నడు. "బిడ్డ పుడుతదన్న సంబురంల రెండు మాటలు ఎక్కువ మాట్లాడిన. ఒక్క మాటతోని పెట్టేస్తే జీపొచ్చేది."

పొద్దుగూకేదాక కూసొని చెప్పిన. నమ్మలే.