గోడకవతల ఏడుపు

సింగపూర్‌లోని యూ టీ పేట బ్లాకుల్లో ఏ తెలుగింట జ్వరమొచ్చినా లక్ష్మీదేవి ఇంటి నుంచి చారు వెళ్ళేది. ఆమె ముత్తాత కాకినాడలో ఓడెక్కి ఇక్కడ దిగినవాడు. భర్త పోయాక, పక్షవాతంతో మంచంపట్టిన అత్త సీతమ్మను ఏడేళ్ళుగా ఆమే చూసుకుంటోంది. ఫ్లాట్‌లో మిగిలిన గదిని దరీనాకు అద్దెకిచ్చింది.

దరీనా ఉక్రెయిన్ చిత్రకారిణి. ఖార్కివ్‌లో ఆమె ఇల్లు బాంబుదాడిలో కూలిపోయింది. ఇక్కడ ఒక ఆర్ట్ స్కూల్లో పాఠాలు చెబుతూ, మెత్తటి పలకల మీద బొమ్మలు చెక్కి నల్లసిరాతో అచ్చు తీసేది. వచ్చిన కొత్తలో అన్నం ముట్టకుండా కూర్చుంటే లక్ష్మీదేవి పక్కన చేరి ముద్దలు కలిపి పెట్టింది. దరీనా ఆమెను "అమ్మా" అని పిలవడం నేర్చుకుంది.

మరుసటి ఏడాది పాయా లేబర్‌లోని ఒక గ్యాలరీలో దరీనా ప్రదర్శన పెట్టింది. లక్ష్మీదేవి పట్టుచీర కట్టుకుని, వేరేచోట ఉంటున్న కొడుకు వివేక్‌నూ ఇరుగుపొరుగునూ వెంటబెట్టుకుని వెళ్ళింది.

ఎదురుగోడ మీద ఆమే ఉంది. ఒకే మెడ మీద రెండు ముఖాలు. ఒకటి నవ్వుతూ ముద్ద అందిస్తోంది. రెండోది పళ్ళు బిగించి, మంచం మీది ముసలామె చెయ్యి మెలిపెడుతోంది.

వెంట వచ్చినవాళ్ళు పక్క బొమ్మల వైపు జరిగారు.

"ఇది అబద్ధం," అంది లక్ష్మీదేవి ఇంగ్లీషులో.

"నా గదికీ ఆవిడ గదికీ మధ్య ఒక్క గోడే అమ్మా," అంది దరీనా. "మీ భాష నాకు రాదు. ఏడుపు తెలుస్తుంది. ఒకరోజు తలుపు తీసే ఉంది, చూశాను."

"చూసినదానివి వచ్చి ఆపలేదేం? ఒక్క పూట ఆవిడ దగ్గర కూర్చున్నావా? బొమ్మ మాత్రం చెక్కుకున్నావు."



తిరిగొచ్చేటప్పుడు రైల్లో వివేక్ మెల్లగా అడిగాడు. "ఈజ్ ఇట్ ట్రూ, మా?"

"ఎనిమిదేళ్ళురా. రాత్రనకా పగలనకా. నువ్వు మీ నానమ్మను ఒక్కసారైనా పక్కకి తిప్పి పడుకోబెట్టావా?"

అతను ఫోన్ తీశాడు.

దరీనా ఆ వారమే గది ఖాళీ చేసింది. ప్రదర్శనలో అన్నిటికన్నా ముందు అమ్ముడుపోయింది ఆ బొమ్మేనని తర్వాత తెలిసింది. లక్ష్మీదేవి ఎప్పటిలాగే అత్తకు ఒళ్ళు తుడిచేది, జావ తాగించేది. కొన్నాళ్ళు ఆమె గొంతు లేవలేదు. తర్వాత లేచింది. ఒక్కోసారి చెయ్యి కూడా. అప్పుడు తలుపు వేసుకునేది.

డిసెంబరు వానల్లో సీతమ్మ పోయింది. బ్లాకు కింది ఖాళీ జాగాలో పరామర్శకొచ్చేవాళ్ళకి కుర్చీలు వేశారు. వచ్చినవాళ్ళు, ఆరోజు బొమ్మ చూసినవాళ్ళు కూడా, "కోడలంటే మీలా ఉండాలి ఆంటీ," అన్నారు. అంటూ ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. లక్ష్మీదేవి తలూపుతూ, ఒక్కొక్కరికీ నీళ్ళసీసా అందిస్తూ పోయింది.