పెళ్లి లాంచీలో పసుపు ఎర్రబడిన రోజు

మా మేనత్త పోయింది. మొన్న పొద్దున్న రాయగడ నుంచి వాళ్లమ్మాయి ఫోను చేసి, "వదినా, అమ్మ ఎల్లిపోయిందే" అంది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. పెరట్లో ముసురుకి ఆరని దుప్పటి తీసి మడతపెడదామని ముక్కుకి దగ్గరగా పెట్టుకున్నాను. ముక్కిపోయిన వాసన. అప్పుడొచ్చింది ఏడుపు, ఆపితే ఆగలేదు.

బట్టని ముందు ముక్కుతో చూడడం ఆవిడ నేర్పిందే. మా మావయ్య కోరాపుట్ అవతల రిజర్వాయరులో లాంచీ నడిపేవాడు. దాని సీట్ల మీది కుషన్లు కుట్టడం, ఉతకడం, వానాకాలంలో బూజు వదలగొట్టడం అత్త పని. కోరాపుట్ వానలంటే తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, గోడకి తగిలించిన బెల్టుకి కూడా బూజు పడుతుంది. ఆవిడ మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినా సరే, కాఫీ తాగకముందే మా పరుపులు వాసన చూసేది. మా అమ్మకి ఒళ్లు మండిపోయేది.

"ముందు పొడిగా దులపాలే అమ్మీ" అనేది నాతో, ముక్కుకి కొంగు కట్టుకుని వీధిలో బ్రష్షుతో తోముతూ. "తడిపి రుద్దేవంటే బూజుకి బువ్వెట్టినట్టే. దులిపేక నిమ్మరసం, ఉప్పు. ఆ తరవాత ఎండ. ఎండ లేదా, పొయ్యి సెగ. అంతే."

నా పెళ్లి శ్రావణంలో అయింది. అత్తవారిది రిజర్వాయరు అవతల లమ్తపుట్, కిరాణా వ్యాపారం. పెళ్లి మా ఇంట్లో, మర్నాడు నన్ను తీసుకుని వెళ్లాలి. తీరా చూస్తే కొండచరియ జారి రోడ్డు మూసుకుపోయింది. లాంచీలో అవతలి ఒడ్డుకి చేరి, అక్కడ జీపు ఎక్కడం ఒక్కటే దారి. మావయ్య లాంచీ తెరిస్తే కుషన్ల తెల్ల కాన్వాసు నిండా నల్లటి బూజు చుక్కలు.

అత్త వాటన్నిటినీ మా అరుగు మీదికి మోయించి, తొడుగులు విప్పి, దులిపి, నిమ్మకాయ ఉప్పు రుద్ది, పొయ్యి పైన దండేనికి వేసింది. పెళ్లికూతురు కూచునే కుషను మీద మాత్రం లీలగా మచ్చలు మిగిలిపోయాయి. "ఉండనీ వదినా" అంది మా అమ్మతో. "వాసన పోయింది, బూజు సచ్చింది. మచ్చ ఏటి సేస్తాది?"

అమ్మ వింటేనా! కొత్తకోడలు మచ్చల కుషను మీద కూచుందని వియ్యాలవారు అనుకుంటారని ఆవిడ దిగులు. అత్త అటు వెళ్లగానే చాకలిసోడా వేసి బరబరా రుద్దేసింది. సరిగ్గా జాడించడానికి తీరిక లేదు, ఆరడానికి ఎండా లేదు.

అప్పగింతలయ్యాక అందరం ఒడ్డుకి చేరాం. తుంపర పడుతోంది. రాహుకాలం రాకముందే నీళ్లు దాటాలని మగపెళ్లివారు ఒకటే తొందర. మా పిన్ని లాంచీ ముక్కుకి పసుపు, బొట్టు పెట్టి, నేను కూచునే చోట కూడా శుభమని ఇంత పసుపు కలిపి రాసింది. నేను కాలెత్తబోతున్నాను. చూస్తుండగానే ఆ పసుపు ఎర్రబడింది. తుంపరకి కారి, కాన్వాసు మీద చారలు కట్టింది.

"ఓలమ్మో, నెత్తురు!" అంది మా ఆయన నాయనమ్మ.

ఆవిడే మళ్లీ అంది: "పిల్లని ఈ పూట ఇక్కడే ఉంచండి. మంచిరోజు సూసుకుని తీసుకెల్దుం." మా నాన్న చేతులు జోడించేడు. వేరే సీటు మీద కూచోబెడదాం అన్నాడు. "కంటితో సూసేక ఏ సీటైతే ఏటి బాబూ" అందావిడ. మా ఆయన నేలచూపులు చూస్తున్నాడు. పారాణి కాళ్లతో పుట్టింటికి తిరిగెళ్తే బజారంతా ఏమంటుందో నాకు తెలుసు. అపశకునం పిల్ల అన్న పేరు ఇంక చచ్చేదాకా పోదు.

వెనక మూటలు ఎక్కిస్తున్న అత్త జనాన్ని తోసుకుని వచ్చింది. కుషను ఎత్తి, ఇంకేం చేస్తుంది, వాసన చూసింది.

"వదినా, సోడా ఎట్టేవా?"

అమ్మ ఏడుస్తూ తలూపింది. అత్త ఫక్కున నవ్వింది. ఆ క్షణంలో ఆవిణ్ణి నీళ్లలోకి తోసేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

నాయనమ్మగారి చేతిలో నిమ్మకాయ ఉంది. మా ఘాట్ రోడ్ల మీద తిరిగేవాళ్లందరికీ అలవాటే, కడుపులో తిప్పితే వాసన చూసుకోవడానికి. "మామ్మగారూ, ఆ నిమ్మకాయిలా ఇయ్యండి" అంది అత్త.

"దేనికి? నాకు తిప్పుతాది."

"అద్దరికెల్లేక బుట్టెడిస్తాను, ఇయ్యండి."

ఆవిడ అయిష్టంగానే ఇచ్చింది. అత్త పళ్లతో కొరికి, ఆ ఎరుపు మీద పిండింది. రసం పడినచోటల్లా ఎరుపు విరిగి పసుపుపచ్చగా అయిపోయింది. చివరి చార దాకా పిండి, కుషను ఆవిడ ముందు పెట్టింది.

"సున్నం తగిలితే పసుపు ఎర్రబడదేటండీ? సోడా తగిలినా అంతే. పారాణి ఎలా కలుపుతాం మరి? పిల్ల కాళ్లకున్నదే పీట మీదా ఉంది. కాళ్లకి శుభం, పీటకి అశుభవా?"

నాయనమ్మగారు వేలితో అద్ది చూసుకుంది. వాసన చూసింది. నా పాదాల వంక చూసింది.

"మరి సూస్తారేటర్రా? ఎక్కండి, ఎక్కండి! రాహుకాలం వచ్చేస్తాంది" అని మా మీదే కేకలేసింది, ఆలస్యమంతా మేమే చేసినట్టు.

నన్ను దిగబెట్టడానికి అత్తే తోడొచ్చింది. లాంచీ కదిలేక చూసుకున్నాను: నిమ్మరసం నా కాలి మీదా చిందింది. బొటనవేలి దగ్గర పారాణి రంగు విరిగి పసుపు మరక తేలింది. ఎదురుగానే నాయనమ్మగారు. పారాణి చెరిగిందంటే మళ్లీ అపశకునం అంటుంది. అత్త కూడా చూసింది. కింద కూలబడి, చీర కుచ్చిళ్లు సర్దుతున్నట్టు ఆ వేలి మీద అరచెయ్యి వేసేసింది.

కొంతసేపటికి నాయనమ్మగారికి అనుమానం వచ్చింది. "పెద్దదానివి, అదేటమ్మా మేనకోడలి కాళ్లట్టుకున్నావు?"

"ఎల్లిపోతాంది కదండీ" అంది అత్త.

సాకుకే అంది. అన్నాక నిజంగానే ఏడుపొచ్చింది ఆవిడకి. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నా, తుడుచుకోవడానికైనా ఆ చెయ్యి తియ్యలేదు. నిమ్మరసానికి, ఉప్పుకి పగిలిపోయిన చెయ్యి. అవతలి ఒడ్డు వచ్చేదాకా నా కాలి మీదే ఉంది.