గాలి రాని కార్ఖానా

మా ముత్తాత సిరిసిల్లలో కులపెద్ద. పంచాయితీలు ఆయన అరుగు మీదే జరిగేవి. ఆయన కూర్చోకముందు ఇంకెవరూ కూర్చునేవారు కాదు. మా తాత చేతికింద నలభై మగ్గాలు ఆడేవి. ఆయన నేయించిన ధోవతులను జగిత్యాల, కోరుట్ల అంగళ్లలో మా ఇంటిపేరు చెప్పి అడిగి కొనేవారు. మా నాయన తంగళ్ళపల్లి తోవలో కార్ఖానా కట్టి సాంచాలు దింపాడు. కరెంటుతో నడిచే మగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ఊరంతా ఆయనను సేటు అనేది. నా కాలానికి సాంచాలు నాలుగు మిగిలాయి, అవీ ఆగిపోయి. నన్ను మాత్రం సేటు అని పిలవడం ఎవరూ మానలేదు.

తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్ల మీదికొచ్చిన ఆ ఏళ్లలో, కేసుల్లో పట్టుబడ్డ మైనరు పిల్లలను ఉంచే హోముకు కార్ఖానాను కిరాయికి ఇచ్చాను. సాంచాలు మళ్లీ నడిచేదాకా అనుకున్నాను. అందుకే రెండు షరతులు రాయించాను. వెనక సగంలో టార్పాలిన్ కప్పిన నా నాలుగు సాంచాలుంటాయి, దాని తాళం నా దగ్గరే ఉంటుంది. గోడలకు గడ్డపార తగలకూడదు.

ఆ గోడల సంగతి చెప్పాలి. కట్టినప్పుడు నాలుగు కిటికీలుండేవి. గాలి ఆడితే నూలు ఎండిపోయి పోగులు తెగుతాయని మా నాయన నాలుగింటినీ ఇటుకలతో మూయించాడు. ఎండ ముదిరిన పగళ్లు నేలమీద నీళ్లు చల్లించి తలుపు వేయించేవాడు. ఆ తడికి పోగు మెత్తబడేది. మా కార్ఖానాలో పోగు తెగదని ఊరు చెప్పుకునేది. నా చిన్నతనంలో నేను విన్న పొగడ్తల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

అలాంటి చోట, ముందు సగంలో, పద్నాలుగు మంది పిల్లలుండేవారు. పైన రేకులు. ఒక్క ఫ్యాను. రేకుల కింది దూలాలకు ఏళ్లనాటి దూది నూగు పట్టి ఉండి, ఫ్యాను తిరిగితే అన్నంలో రాలేది. పక్కలు ఎంత దగ్గరగా వేసినా ఇద్దరు గుమ్మం దగ్గర కాళ్లు ముడుచుకునే పడుకోవాలి. తలుపుకు గొళ్లెం బయటే. నన్ను వాళ్లకు నేత నేర్పే పనిలో పెట్టుకున్నారు. మా నాయన కుర్చీ వేసుకున్న చోటే స్టూలు వేసుకుని, ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చుని, తెగిన పోగు ముడివేయడం నేర్పేవాణ్ని. వంటామె తంగళ్ళపల్లి మనిషి. నాకంటే పెద్దది, నోటికి తాళం లేనిది. మూలన పడున్న, నూలు చుట్టే ఇనుప దుంగను చూపించి, సేటు గీ భీము మింగి పుట్టిండని పిల్లలతో అనేది. వాళ్లు నవ్వేవారు. నేను వినలేదన్నట్టు ఉండేవాణ్ని.

బీర్పూర్ నుంచి ఒక పిల్లవాడొచ్చాడు. జగిత్యాలలో రాస్తారోకో రోజు బస్సు అద్దం మీద రాయి వేశాడని కేసు. పదిహేనేళ్లుంటాయేమో. ఉబ్బసం, మెట్లెక్కితే పిల్లికూతలు వచ్చేవి వాడి గొంతులో. వాడి తల్లి కూలిపని చేసుకునే మనిషి. చూడటానికొచ్చి, లోపలికి తొంగిచూసి, తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

"సేటూ, మా పోరనికి చిన్నప్పటిసంది దమ్మున్నది. జర గాలి తగిలే కాడ పండవెట్టుర్రి."

"గీ కార్ఖానల ఎన్నేండ్లు మంది పనిజేసిండ్రో ఎరుకేనా? ఒక్కలన్న సావలేదు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "పనిజేసినోళ్లు పొద్దూకినంక ఇండ్లకు పోయిండ్రు గద సేటూ."

నేను లోపలికి వెళ్లిపోయాను. ఆ మాట చాలా రోజులు నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. హోము సూపరింటెండెంటు నెమ్మదైన మనిషి. రెండుసార్లు అడిగాడు, కనీసం రెండు కిటికీలైనా తెరిపిద్దామని, వెనక సగం ఇస్తే పక్కలు ఎడంగా పడతాయని. షరతుల కాగితం చూపించాను. కిటికీ తెరిచిన కార్ఖానాలో సాంచా నడవదు. తెరిస్తే ఇక నడవదని నేనే ఒప్పుకున్నట్టు. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

తర్వాత సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, పేషీలు వాయిదా పడ్డాయి, పిల్లల కోసం వచ్చేవాళ్లు రావడం మానారు. సూపరింటెండెంటుతో సహా సిబ్బంది సమ్మె డేరాలో కూర్చున్నారు. గేటు దగ్గరి హోంగార్డును బందోబస్తుకు తీసుకుపోయారు. పిల్లల దగ్గర నేనూ వంటామే మిగిలాం. బొగ్గు గనుల్లోనూ సమ్మె కావడంతో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. లోపల పిల్లలు ఒకచోట నిలిచేవారు కాదు. రోడ్డు మీద ఊరేగింపు పోయినప్పుడల్లా కంచాలు వాయించి జై తెలంగాణ అనేవారు. నేనూ తలుపు నుంచి గేటుకు, గేటు నుంచి తలుపుకు తిరుగుతూనే ఉండేవాణ్ని.

ఒక మధ్యాహ్నం అన్నాలైన వెంటనే కరెంటు పోయింది. వాన ముందు ఉక్కపోత. పిల్లలు చొక్కాలు విప్పి పడేశారు. మా నాయన చేసినట్టే చేశాను. నాలుగు బిందెల నీళ్లు నేలమీద చల్లించాను, తలుపు దగ్గరికి వేసి గొళ్లెం పెట్టాను. చల్లబడుతుందనే అనుకున్నాను. మా ఇంట్లో పుట్టినవాడెవడైనా అదే చేస్తాడు. నూలుకు పనికొచ్చేది మనిషికి పనికొస్తుందా అన్న ఆలోచనే రాలేదు.

కాసేపటికి డప్పులతో ఊరేగింపు వచ్చింది. లోపల కంచాల మోత మొదలైంది. గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. డప్పులు దూరమయ్యాయి, కంచాలు ఆగలేదు. అల్లరి అనుకున్నాను. వంటామె చేతులు తుడుచుకుంటూ పొయ్యి దగ్గర్నుంచి వచ్చింది.

"సేటూ, గది జై తెలంగాణ గాదు. తలుపు తియ్యి."

తీస్తే ఆవిరి మొహానికి కొట్టింది. బీర్పూర్ పిల్లవాడు గోడకు ఆనుకుని, రెండు చేతులూ నేలకు తన్నిపెట్టి, నోరు తెరిచి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. మిగతా వాళ్లు కంచాలతో విసురుతున్నారు. ఒకడు మాత్రం తలుపు పక్కన కూర్చుని కంచం వాయిస్తూనే ఉన్నాడు, నేను ఎదురుగా నిలబడ్డా ఆపలేదు.

వాణ్ని నా మోపెడ్ మీద నాకూ వంటామెకూ మధ్య కూర్చోబెట్టాం. మలుపు దగ్గర రోడ్డుకు అడ్డంగా సమ్మెవాళ్ల వంటా వార్పు. పొయ్యిలు, గుండిగలు, పొడుగునా విస్తర్లు. ఎవరో బండి హ్యాండిలు పట్టుకుని, ఎవల పోరడని అడిగారు. హోము పిల్లవాడంటే సంజాయిషీ చెప్పుకోవాలి. నేను నోరు తెరిచేలోపే వంటామె అంది:

"సేటు కొడుకు. దమ్ము లేసింది."

గుండిగ జరిగింది, విస్తర్లు మడతపడ్డాయి, తోవ ఇచ్చారు. కాదని నేను అనలేదు. నా వీపుకు ఆనిన ఆ ఎముకల ఛాతీలో కూత ఆస్పత్రిదాకా వినబడింది.

మాస్కు పెట్టి మందు పీల్పించారు. సాయంత్రానికి పెదవుల రంగు మారింది. సూపరింటెండెంటు డేరా నుంచి పరుగున వచ్చి కాగితాల మీద సంతకాలు పెట్టాడు.

మర్నాడు పొద్దున గడ్డపార నేనే పట్టుకున్నాను. నాకు అలవాటు లేని పని, మొదటి ఇటుక కదలడానికే అరచేతులు పొక్కాయి. ఇటుకల వెనక మా నాయన వదిలేసిన టేకు చట్రాలు, ఇనుప చువ్వలు అలాగే ఉన్నాయి. మూడు రోజులు పట్టింది నాలుగూ తెరవడానికి. పిల్లలు చువ్వలు పట్టుకుని రోడ్డు చూస్తూ నిలబడ్డారు. వంటామె ఆ మూడు రోజులూ నన్నేమీ అనలేదు.

బస్సులు నడిచాక తల్లి వచ్చింది. జరిగింది కొడుకు నోటే విన్నది. నా వైపు చూడలేదు. కిటికీ కింద పరిచిన వాడి పక్క మీద చెయ్యి పెట్టి, గాలి వస్తుందో లేదో చూసుకుంది.

ఆ నెలలోనే వెనక సగం తాళం తీశాను. నాలుగు సాంచాలనూ ఇనుప సామాను కింద తూకానికి అమ్మాను.