కుడివైపు పతకాలు

నిరుడు, సైనికులను స్మరించుకునే యాంజాక్ డే ఉదయం టార్నీట్ స్టేషన్‌లో రైలెక్కాను. ఎదురు సీట్లో ఘనా నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దావిడ, కోటుకు కుడివైపు పతకాలు పెట్టుకుని కూర్చుంది. ఉండబట్టలేక అడిగాను.

“ఆంటీ, మెడల్స్ లెఫ్ట్ సైడ్ కదా పెట్టుకోవాలి?”

ఆవిడ నవ్వింది. “ఎడమవైపు యుద్ధం చేసినవాళ్లది. కుడివైపు వాళ్ల ఇంటివాళ్లది. ఇవి మా తాతవి. బ్రిటిష్ సైన్యంలో బర్మా దాకా వెళ్లి పోరాడాడు. ఇవాళ పరేడ్‌లో ఆయన తరఫున నేను నడుస్తా.”

నా ఛాతీ ఉప్పొంగింది. “మా తాత కూడా బర్మాలోనే పోరాడాడు ఆంటీ! విజయనగరం నుంచి వెళ్లాడు. ఆయన మెడల్ మా అమ్మ దగ్గరుంది.”

ఆవిడ నా చొక్కా వైపు చూసింది. “మరి నీ కుడివైపు ఖాళీగా ఉందేం?”

అడిగితే అమ్మ పతకం పంపింది. ఈ ఏడాది పరేడ్‌లో వాళ్ల తాత, మా తాత పక్కపక్కనే నడిచారు.