మా అవ్వ అరుగు కింద మోరీ

మా విమలమ్మవ్వ నాలుగో వార్డు మెంబరు. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే ఆమే చెబుతుంది. చేవెళ్ల దవాఖానలో చీటీ రాసే అమ్మాయి పేరు అడిగితే "నాలుగో వార్డు మెంబరు విమలమ్మ" అంటుంది. వయసు అడిగితే మాత్రం పక్కకు చూస్తుంది.

మాది చేవెళ్ల దారిలో ఉన్న హిమాయత్‌నగర్ నుంచి షేర్ ఆటోలో లోపలికి వెళితే వచ్చే చిన్న ఊరు. పంచాయతీ ఎన్నికల్లో అవ్వకు గౌను గుర్తు వచ్చింది. నా చిన్నప్పటి గులాబీ గౌనును కట్టెకు తగిలించుకొని గడప గడపా తిరిగింది. పుట్టి బుద్ధెరిగాక చీర తప్ప మరొకటి కట్టని మనిషి "నా గౌను మీద గుద్దుండ్రి" అని అడుగుతుంటే జనం నవ్వి నవ్వి ఓట్లు వేశారు. "నవ్వి ఏసినా ఓటే, ఏడ్చి ఏసినా ఓటే" అంది అవ్వ, గెలిచాక.

అంతకు ముందంతా ఆమె టమాట చేలల్లో కూలి చేసింది. ఆ అలవాటు పోలేదు. చేనులో సాలు వెంట నడిచినట్టే వార్డులో కూడా మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా నడుస్తుంది. మధ్యలో ఒక్క గడప కూడా వదలదు. కలుపు తీసేటప్పుడు ఒక్క మొక్క వదిలేసినా అది మళ్లీ అల్లుకుంటుంది కదా, అలాగే.

పోయిన వానాకాలం మా ఊరి బడి టీచరు పూర్ణిమ మేడం అవ్వను మూడో తరగతికి పిలిచింది. ఊరి పని చేసేవాళ్లు ఎలా ఉంటారో పిల్లలు కళ్లారా చూడాలట. అవ్వ ఆదివారం ప్రార్థనకు కట్టే చీర కట్టుకొని, ఫొటోలు తీయడానికి నన్ను వెంటబెట్టుకుంది.

"ఇంటర్ నడుమల ఇడిసిపెట్టినవు, గీడన్న జర బడి మొకం చూడు" అంది దారిలో.

తరగతిలో ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. "నన్ను పనికి పెట్టుకున్నది మీరే. చెప్పుండ్రి, ఏం చెయ్యాలె?" అని అడిగింది.

మనోజ్ఞ అనే పిల్ల లేచింది. "అవ్వా, బడి గేటు ముంగట మోరీ నీళ్లు నిలుస్తున్నయి. నా చెప్పు దాంట్లనే పోయింది."

"గంతేనా! ఫికర్ చెయ్యకు. సోమారం పొద్దుగాల గేటు కాడ నీళ్లు కనబడితే నన్ను మెంబరనకుండ్రి."

"ఆలోచించి చెప్పండి విమలమ్మగారూ…" అని మేడం అనేలోపే పిల్లలు చప్పట్లు కొట్టేశారు.

"దొంగ నాకెరుకే" అంది అవ్వ. "కిరాణం బాల్‌రాజ్. చెత్తంత మోరీల ఏస్తడు. రాండ్రి, చూపిస్త."

మేడంతో సహా అందరం బయలుదేరాం. బాల్‌రాజ్ దుకాణం దగ్గర అతని మెట్ల పక్క నుంచి పిల్లలు మోరీలోకి, ఆ మురుగు కాలువలోకి తొంగిచూశారు. అది ఎండిపోయి ఉంది. నీళ్లు మాత్రం రోడ్డు మీద పారుతున్నాయి. బాల్‌రాజ్ గల్లా వదిలి వెనకే వచ్చాడు.

"పైకి పోదాం, సాలు ఇడవొద్దు" అంది అవ్వ. ఒక్క ఇల్లూ వదలకుండా నడిచి నడిచి, నీళ్లు మోరీలోంచి రోడ్డు మీదికి పొర్లే చోటికి చేరాం. అది మా ఇల్లు.

ఇంటి ముందున్నది మా తాత శాంతయ్య మోరీ మీదికి జరిపి కట్టిన అరుగు. కొంచెం వంకర, కూర్చున్నవాళ్లు మెల్లగా గోడ వైపు జారుతుంటారు. అయినా ఆదివారం ప్రార్థన అయ్యాక ఆడవాళ్లంతా దాని మీదే. వార్డు పంచాయితీలన్నీ దాని మీదే.

"అవ్వా, అరుగుకు గీ దిక్కు నిండ ఉన్నది, గా దిక్కు ఎండింది" అంది మనోజ్ఞ.

"దొంగ దొరికిండా అక్కా?" అన్నాడు బాల్‌రాజ్.

"నోర్ముయ్ తమ్మీ. కింద పైపున్నది. మీ బావ ఏయించిండు."

అంటూనే వెదురు కట్టె తెచ్చి పైపులోకి దూర్చింది. కట్టె కొంచెం పోయి ఆగిపోయింది. నేను ఫొటో తీయబోతే "బంద్ చెయ్" అంది.

సాయంత్రం మేస్త్రీ భిక్షపతి వచ్చి చూశాడు. "పైపు కూలింది విమలమ్మా. పైన అరుగు పలగ్గొట్టుడే."

అవ్వ ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, ఎవరినీ పక్కన కూర్చోనివ్వకుండా అరుగు మీద ఒక్కతే కూర్చుంది.

"చిన్నపిల్లలమ్మా, మర్చిపోతరు. వాళ్లకు ఓటు గూడ లేకపాయె" అన్నాడు మా బాపు ఆనంద్ బాబు.

"ఓటున్నోళ్లకు మస్తు మాటలిచ్చిన, బిడ్డా. ఒక్కడన్న మల్ల అడిగిండా? గీళ్లు అడుగుతరు."

"తాత ఉంటే తిట్టేటోడవ్వా" అన్నాను నేను.

"తిట్టేటోడు. తిట్టుకుంటనే గడ్డపార తెచ్చేటోడు. నువ్వు తిట్టకుంట తే."

తెచ్చాను. మొదటి దెబ్బ అవ్వే వేసింది. తర్వాత కబురు పెడితే వచ్చిన భిక్షపతి అందుకున్నాడు. చీకటి పడేలోపు అరుగు రాళ్లకుప్ప అయ్యింది. కూలిన పైపు తీసేశాక నీళ్లు మోరీలో గలగలమంటూ పారాయి.

సోమవారం బడి గంటకు ముందే అవ్వ గేటు దగ్గర నిలబడింది. మనోజ్ఞ చెప్పులు చేత్తో పట్టుకొని వచ్చింది, నమ్మకం లేక. కాలు పెట్టి చూసింది.

"నీళ్లు లేవు. బురద ఉన్నది."

"బురదకు నేను మాటియ్యలే. అది ఎండ పని."

పిల్ల చెప్పులు తొడుక్కుని, "సరే, మెంబరే" అంది.

అవ్వ కొంగు బిగించింది. "మేడం, జరసేపు పిల్లలనిస్తవా? మోరీ మీద ఇంకెవరెవరు కట్టుకున్నరో చూడాలె. నాది పోయింది గద, ఇగ అడగనీకె నాకు సిగ్గెందుకు?"

గుంపు కదిలింది. దుకాణం ముందు పేపరు చదువుతున్న బాల్‌రాజ్ తలెత్తి, ముందు వస్తున్న అవ్వనూ, వెనకున్న పిల్లలనూ, మోరీ మీదున్న తన మెట్లనూ చూసుకున్నాడు.

"అడగకు అక్కా" అన్నాడు పేపరు మడుస్తూ. "గడ్డపార నీదా, భిక్షపతిదా? జర పంపు."