చార్మినార్ ముందు మిగిలిన మనిషి

దెయ్యాల్ని నేను నమ్మను. నమ్మేంత తీరిక కూడా లేదు. నరసరావుపేటలో నాది ఫొటో షాపు. చనిపోయినవాళ్ల పాత ఫొటోల్లోంచి తల కత్తిరించి, కంప్యూటర్లో కోటు తొడిగి, దండ వేయడం నా పని. బతికినన్నాళ్లూ లుంగీ దాటనివాళ్లంతా నా దగ్గర సూటుతోనే పోయారు. ఇంతమందిలో ఒక్కరూ వచ్చి కోటు బిగుతుగా ఉందని అడగలేదు. అందుకే నమ్మను.

పోయిన వేసవిలో మా వీధిలో బిర్యానీ హోటల్ పెట్టిన అన్న పాత హైదరాబాద్ పోస్టుకార్డులు ఆరు తెచ్చాడు. చార్మినార్, మక్కా మసీదు, గోల్కొండ, అన్నీ నలుపు తెలుపు. పెద్దవి చేసి ఫ్రేములు కట్టాలి. "మనుషుల్ని తీసెయ్‌రా. తినేటోళ్లకి బిల్డింగులే కనపడాల" అన్నాడు.

చార్మినార్ కార్డులో టాంగాలు, తలపాగాలు, ఒక మేక. రెండు రోజులు కూర్చుని అందర్నీ చెరిపేశాను. కలరా కూడా అంత శుభ్రంగా ఊరు ఖాళీ చేయించదు. ఫ్రేములు నేనే గోడకు తగిలించి, ఫోన్లో ఫొటో తీసుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్న ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఒకణ్ణి వదిలేశావేందిరా?"

వెళ్లి చూశాను. చార్మినార్ ముందు రోడ్డు మీద ఒక మనిషి. ఎడమ భుజం కిందికి జారి ఉంది. చేతిలో చిన్న పొట్లం. సూటిగా మనవైపే చూస్తున్నాడు. నా పనిలో లోపమనుకుని సిగ్గుపడ్డాను.

హోటల్లో ఉల్లిపాయలు తరిగే మస్తాన్‌బీ ఆ ఫ్రేము ముందే నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి. కళ్లలో నీళ్లున్నాయి గానీ, ఉల్లిపాయలు తరిగేవాళ్ల కన్నీళ్లను సాక్ష్యంగా తీసుకోలేం.

"మా నాయన" అంది.

ఆయన పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో రాళ్లు మోసేవాడట. ఆ బరువుకే ఎడమ భుజం జారిపోయిందట. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు పని వెతుక్కుంటూ హైదరాబాద్ వెళ్లాడు. తిరిగి రాలేదు. ఫొటో ఒక్కటీ లేదు. అక్కడ ఇంకో కాపురం పెట్టాడని అందరూ అన్నారు. తల్లి అదే నమ్మి పోయింది. ఈమె అదే నమ్మి ఇన్నాళ్లూ బతికింది.

"కాదు పిన్నీ. ఈ కార్డు మీద తెల్లదొరల రాజు స్టాంపుంది, వందేళ్ల నాటిది. అప్పటికి మీ నాయన పుట్టి కూడా ఉండడు" అన్నాను. చూపిద్దామని షాపుకెళ్లి అసలు కార్డు తెచ్చాను. టాంగాలున్నాయి, మేక ఉంది. ఆ మనిషి ఉండాల్సిన చోట ఉత్త రోడ్డు. ఫైల్లోనూ లేడు. నేను ఫోన్లో తీసుకున్న ఫొటోలోనూ లేడు. గోడ మీద మాత్రం ఉన్నాడు.

నాకు భయం వేయలేదు. ఏమీ అనిపించలేదు. పంటి డాక్టరు సూదేసిన దవడలా బుర్ర మొద్దుబారింది.

"సరేలే, ఇంకోటి ప్రింటు తీసి మార్చెయ్" అన్నాడు అన్న.

"ఉండు అబ్బయ్యా" అంది మస్తాన్‌బీ నాతో. "ముందు ఆ చేతిలో ఏందో చూసి చెప్పు."

ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూశాను. కాగితం, చుట్టూ దారం. అంతకు మించి ప్రింటు చుక్కలే. అదే చెప్పాను.

ఆమె కొంగుతో ఫ్రేము అద్దం తుడిచింది.

"వదిలేసి పోయేటోడు పొట్లం కట్టించుకుంటాడా? ఇంటికి రావడానికే బయల్దేరి ఉంటాడు" అంది. "మా అమ్మ ఈ మాట తెలీకుండానే పాయె."

అన్న మళ్లీ ప్రింటు మాట ఎత్తలేదు. నేను ఇంకును, స్కానర్ని, నా మతిమరుపును వరసగా అనుమానించాను. ఒక్కటీ నేరం ఒప్పుకోలేదు. అదే ఫైలు ఎన్నిసార్లు ప్రింటు తీసినా ఖాళీ రోడ్డే వస్తోంది.

మస్తాన్‌బీ ఇప్పుడు ఉల్లిపాయలు ఆ గోడ కిందే తరుగుతోంది. తినేవాళ్లకు కళ్లు మండుతున్నాయి. అన్న ఏమీ అనడు. ఆ మనిషి ఫ్రేములోకి ఎలా వచ్చాడో నాకు ఇవాళ్టికీ తెలియదు.