మన అని రాసిన పాపానికి

మా ఊరి చర్చిని మా అవ్వ, అంటే నన్ను కన్న అమ్మ, ఏనాడూ చర్చి అనలేదు. గుడి అంటుంది. పాస్టరు అయ్యగార్లు మందిరం అంటారు. రోడ్డు మీది ఊరివాళ్లు మాత్రం చర్చి అంటారు, నేలకు టైల్స్ వేయించుకున్నప్పటి నుంచి మరీ నొక్కి అంటారు. హుజూరాబాద్ నుంచి లోపలికి వచ్చే దారిలో ఇలాంటివి ఐదు ఊళ్లకు ఐదున్నాయి. ఐదింటికీ ఒక్కరే అయ్యగారు, ఆయనకు ఒక్కటే మోటారు సైకిలు.

పొద్దున ఏడింటికి మొదటి ఊళ్లో మొదలుపెట్టి, సాయంత్రానికి ఐదో ఊళ్లో ఆయన ముగించేవారు. మాది రెండో ఊరు, పదింటికి మా వంతు. అందుకని మాకు ప్రసంగం నిండుగా, ఒక్కోసారి పొర్లిపోయేంతగా దొరికేది. ఐదో ఊరు చేరేసరికి ఆయన గొంతు పోయి, నాలుగు ముక్కలతో సరిపెట్టేవారు. మా వాళ్లలో ఒకరిద్దరు ఆ ఊరి అదృష్టానికి కుళ్లుకునేవారు. అవ్వ ముందు మాత్రం ఆ సంగతి ఎత్తేవారు కాదు.

మా గుడి ఐదింటిలోనూ చిన్నది. పైన పెంకులు, లోపల రెండు చాపలు, ఒక బల్ల, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను కరెంటుతో కన్నా విశ్వాసంతో ఎక్కువ తిరుగుతుంది. గుమ్మం పక్కన ఒక రైలు పట్టా ముక్క వేలాడుతుంటుంది. అదే మా గంట, ఒక ఇనుప బోల్టుతో కొడతాం. దాన్ని మా బాపు, అంటే నాన్న, తెచ్చి కట్టాడు. ఎక్కడి నుంచి తెచ్చాడని అడిగితే అవ్వ మాట మార్చేస్తుంది. బాపు ఉన్నన్నాళ్లు ఆయనే కొట్టాడు. బాపు పోయాక అవ్వ పట్టుకుంది. ఆయన్ను మట్టి చేసి వచ్చిన మూడో రోజు ఆదివారం. ఆ రోజు కూడా కొట్టింది.

అవ్వ కొట్టేవి మూడు గంటలు. ఎనిమిదింటికి మొదటిది, లేవమని. తొమ్మిదింటికి రెండోది, తయారవమని. మూడోది అయ్యగారి బండి కల్వర్టు మీద చప్పుడు చేసినప్పుడు. మా సంఘస్తులు మూడో గంటకు గానీ స్నానానికి లేవరు. ఎవరింటికి పోయి పిలిచినా "ఇగో వస్తున్నం" అనే అంటారు. ఆ మాటకు అర్థం ఇంకా సబ్బు కూడా దొరకలేదని.

అవ్వ గంటకు అసలైన విలువ ఇచ్చిన మనిషి సంఘంలో లేదు, పక్కింట్లో ఉంది. ఆమె బీడీలు చుడుతుంది. శుక్రవారం శుక్రవారం ఇల్లలికి, గడపకు పసుపు రాసి, దుర్గమ్మకు దండం పెట్టుకునే మనిషి. నాకు చిన్నమ్మ వరస. ఆమె పెనిమిటి దుబాయిలో ఉంటాడు. అతను పంపిన గోడ గడియారం ఆమె ఇంట్లో ఉంది గానీ అది దుబాయి టైమే చూపిస్తుంది. ఆయన డ్యూటీ ఎప్పుడు దిగుతాడో తెలియడానికి దాన్ని అలాగే ఉంచింది. మామూలు రోజుల్లో బడి గంట ఉంది. ఆదివారం మాత్రం ఆమెకు మా గంటే దిక్కు. మొదటి గంటకు నానిన తునికాకు మూట విప్పుతుంది, రెండో గంటకు తానం చేస్తుంది, మూడో గంటకు పొయ్యి మీద ఎసరు పెడుతుంది. మా అయ్యగారు ఆలస్యమైతే వాళ్లింట్లో అన్నం ఆలస్యమయ్యేది.

ఇలా సాగుతుండగా పై నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మనుషులు తగ్గిన చిన్న సంఘాలను పెద్దవాటిలో కలపాలట. మా ఊళ్లో సగం మంది కరీంనగర్‌కో హైదరాబాద్‌కో కూలికి, చదువులకు పోయారు. నేనూ పోయినదాన్నే. కరీంనగర్‌లో ఒక బడిలో తెలుగు చెబుతాను, శనివారం వచ్చి సోమవారం పోతాను. అందువల్ల గుడి మూతపడే లెక్కలో నా వంతూ ఉంది. ఉత్తరం ప్రకారం ఒక పెద్దయ్యగారు వచ్చి మా గుడిని కళ్లారా చూసి, తాళం వేయాలో వద్దో చెబుతారు.

అయ్యగారు శుక్రవారం అవ్వకు ఫోన్ చేశారు. ఆయనది కోస్తా. మాట పుస్తకంలోంచి ఊడిపడినట్టు ఉంటుంది. "అమ్మా, ఈ ఆదివారం వారిని నేనే వెంటబెట్టుకొని వస్తాను. మిగతా నాలుగు ఊళ్లలో ఆరాధన పెట్టుకోవద్దు, అందరూ మీ ఊరికే రావాలి. మన వాట్సాప్ గ్రూపులో కబురు మీరే పెట్టండి" అన్నారు. నలుగురు వచ్చి నిండుగా కనిపిస్తే గండం గట్టెక్కుతుందని ఆయన ఆశ. అవ్వ నాకు ఫోన్ చేసి కబురు రాయించింది.

"రాయి బిడ్డా. ఆదివారం పెద్దయ్యగారు మా గుడికి వస్తుండు, అందరు పది గంటలకల్ల రావాలె. గంతే."

నేను తెలుగు పంతులమ్మను కదా, ఊరుకుంటానా. ఐదు ఊళ్లు ఉన్న గ్రూపులో "మా గుడి" అంటే ఏం బాగుంటుంది, మీరు వేరు మేము వేరు అన్నట్టు ఉంటుందని, "మా" కొట్టేసి "మన" అని రాశాను. చివర రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాను. బడిలో పిల్లలకు మా, మన తేడా చెప్పి చెప్పి అరిగిపోయిన నోరు నాది. అదే నోటితో అవ్వకు ఫోన్లో ఆ సవరణ గొప్పగా వినిపించాను.

"మా గుడికి మా అంటెనే మంచిగుంటది" అంది అవ్వ.

"నీకు తెల్వదవ్వా" అన్నాను.

ఆదివారం ఎనిమిదింటికి మొదటి గంట మోగింది. దాని వెనకే అవ్వ ఫోన్ మోగింది. రోడ్డు మీది ఊరి పెద్దమనిషి. "అక్కా, పెద్దయ్యగారు ఏడిదాక వచ్చిండు? మేం పూలదండ తెచ్చి పెట్టినం, టైల్స్ కడిగిచ్చినం" అన్నాడు. అవ్వకు మొదట అర్థం కాలేదు. ఇంతలో నాలుగోదైన మిల్లు ఊరి నుంచి ఇంకొకరు. వాళ్లు బగార అన్నం వండి, కోడికూర పొయ్యి మీద పెట్టారట, ఎంతమందికో చెబితే ఉప్పు చూస్తామని. మూడో ఊరివాళ్లు డప్పులు పిలిపించారు. ఐదో ఊరివాళ్లు సాయంత్రం దాకా ఆగలేక పొద్దున్నే తయారై కూర్చున్నారు. ఆ ఊరి చరిత్రలో అదే మొదటిసారి.

మన గుడి అంటే ఎవరి గుడి వాళ్లకు మన గుడే కదా. నాలుగు ఊళ్లవాళ్లూ ఎవరి గుడి వాళ్లు నింపుకొని కూర్చున్నారు. ఇప్పుడు చెప్పి రమ్మందామంటే పొయ్యి మీది కోడికూర వదిలి ఎవరొస్తారు. అందరూ "ఇగో వస్తున్నం" అన్నారు.

అవ్వ ఫోన్ పెట్టేసి నా దిక్కు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. "నేను 'మా' అన్న. నువ్వు 'మన' అన్నవ్. సదువుకున్నదానివి గద" అంది. గుడికి పోయి చాపలు పరిచింది. రెండు చాపలు ఆ రోజు ఎప్పటికన్నా పెద్దగా కనిపించాయి. నాతో కలిపి మా సంఘం పదకొండు మంది. పోయిన పండుగకు మిగిలిన రంగు కాగితాలు గోడకు అంటించాను. బాపు గంట కట్టిన గుడికి నా వ్యాకరణం తాళం వేయబోతోంది.

రెండో గంట కొట్టి వచ్చి అవ్వ మెట్టు మీద కూర్చుంది. అప్పుడు పక్కింటి చిన్నమ్మ వచ్చింది. పట్టుచీర కట్టుకొని, నుదుట రూపాయంత బొట్టు పెట్టుకొని వచ్చింది. ఆమె వెనక మా వాడకట్టు, అంటే మా వీధి, ఆడవాళ్లు, వాళ్ల వెనక ఇద్దరు ముగ్గురు మొగవాళ్లు, ఒక ముసలి పద్మశాలి తాత.

"ఏంది చెల్లె, గిట్ల వచ్చిండ్రు?" అంది అవ్వ.

"మా ఆయన ఫోన్ జేసిండక్కా. మన గుడికి ఎవరో పెద్దాయన వస్తుండట గద, నువ్వింక ఇంట్లనే ఉన్నవా అని కోపం జేసిండు" అంది చిన్నమ్మ.

జరిగింది ఏమిటంటే, మా సంఘంలోని ఒకాయన నా మెసేజీని తీసి ఊరి గ్రూపులో కూడా వేశాడు. అది దుబాయి పోయింది. దుబాయి నుంచి తిరిగి మా గోడ అవతలికి వచ్చింది. మధ్యలో ఉన్నది ఒక్క గోడే. చిన్నమ్మ పెనిమిటి "మన గుడి" చదివి మన గుడే అనుకున్నాడు. పిలవని పేరంటం అని అతనికి తోచనే లేదు.

పదింటికి కల్వర్టు మీద చప్పుడు వినబడింది. అవ్వ మూడో గంట కొట్టింది. పెద్దయ్యగారు లోపలికి వచ్చేసరికి గుడిలో కాలు పెట్టే చోటు లేదు. ఆయన ముఖం విప్పారింది. అయ్యగారి ముఖం మాత్రం తెల్లబోయింది, ఎందుకంటే ఆయనకు మా లెక్క తెలుసు. కీర్తన మొదలైంది. మా పదకొండు మంది ఒక తాళంలో చప్పట్లు కొడితే వాడకట్టువాళ్లు భజన తాళంలో కొట్టారు. పద్మశాలి తాత మధ్యలో కళ్లు మూసుకొని ఒక రాగం తీశాడు. అది ఏ కీర్తనలోదో ఇప్పటికీ తెలియదు, బాగుంది మాత్రం. ప్రసంగం పొడుగ్గానే సాగింది. చిన్నమ్మ కూర్చున్నచోటే వేళ్లు కదుపుతూ ఉంది. ఒట్టి చేతులతో బీడీలు చుడుతోంది, అలవాటు.

అంతా అయ్యాక పెద్దయ్యగారు పుస్తకం తీసి, నవ్వుతూ అవ్వను అడిగారు. "అమ్మా, వీరందరూ మన సంఘస్తులేనా?"

అయ్యగారు నేల చూశారు. నేను అవ్వను చూశాను. ఔనంటే చాలు. ఒక్క మాటతో గుడి నిలబడుతుంది. అవ్వ కొంగు సర్దుకుంది. అంతమంది మధ్యలో ఆమె మెడ వంగడం నేను అప్పుడే చూశాను.

"సంఘస్తులం పదకొండు మందిమయ్యా. తక్కినోళ్లు మా వాడకట్టోళ్లు. మా మీది పావురంతోని, ప్రేమతోని వచ్చిండ్రు."

"గదేందక్కా, మమ్ముల లెక్కల పట్టవా?" అంది చిన్నమ్మ. ఆమెకు నిజంగానే కష్టమైంది. పొద్దున్నే తలస్నానం చేసి వచ్చింది మరి.

పెద్దయ్యగారు కలం పట్టుకొని చాపల దిక్కు చూసి, పదకొండు అనే రాశారు. ఆయన మంచివారే. పోతూ పోతూ మిగతా నాలుగు ఊళ్లకూ తప్పక పోవలసి వచ్చింది. నాలుగు దండలు వేయించుకొని, మిల్లు ఊళ్లో భోంచేసి, ఐదో ఊరు చేరేసరికి ఆయనకూ గొంతు పోయిందట.

తీర్పు తర్వాతి నెల వచ్చింది. తాళం వేయరు. కానీ నెలకు ఒక్క ఆదివారమే మా గుడిలో ఆరాధన. మిగతా ఆదివారాలు తొమ్మిదింటికి ఆటో వస్తుంది, రోడ్డు మీది ఊరికి పోవాలి. నాకైతే గుండె తేలికపడింది. అవ్వ మాత్రం గుడిలోని రెండు చాపలూ చుట్టి బల్ల కింద పెట్టింది. నాకు బాధేసింది, ఆ "మన" వెనక్కి తీసుకోగలిగితే బాగుండు అనిపించింది.

ఆటో వచ్చే మొదటి ఆదివారం ఎనిమిదింటికి గంట మోగలేదు. అవ్వ తెల్ల చీర కట్టుకొని, బైబిలు సంచి ఒళ్లో పెట్టుకొని అరుగు మీద కూర్చుంది. "కొట్టవా అవ్వా?" అన్నాను. "గుడే లేనినాడు ఎవలకోసం కొట్టాలె" అంది. ఆటో వచ్చింది. రోడ్డు మీది ఊరి డ్రైవరు, పొద్దున్నే హారన్ మీద హారన్. అందరం ఎక్కాం.

ఆటో కదలబోతుంటే చిన్నమ్మ గబగబా వచ్చి అడ్డంగా నిలబడింది. తల కూడా దువ్వుకోలేదు.

"ఏందక్కా, ఇయ్యాల మన గంట కొట్టలే? నేను ఆకు మూట విప్పలే, తానం జెయ్యలే, పరేషాన్ అయితున్న."

"ఇయ్యాల మాకు గుడి లేదు చెల్లె. గా ఊరికి పోతున్నం."

"గుడి లేకుంటె లేకపాయె. మాకు పొద్దెట్ల తెల్వాలె?"

అవ్వ సంచి నా చేతికిచ్చి ఆటో దిగింది. గుడి దాకా నడిచి, బోల్టు తీసుకొని మొదటి గంట కొట్టింది. నిమిషం ఆగి రెండోది కొట్టింది. డ్రైవరు వాచీ చూసుకున్నాడు. మూడో గంట మాత్రం చాలాసేపు కొట్టింది. పక్కింట్లోంచి చిన్నమ్మ అరిచింది, "అక్కా, జర ఆగు, నేనింక తానమే జెయ్యలే" అని.

అవ్వ తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది. ఆటో కల్వర్టు దాటింది. తర్వాత బోల్టు తుప్పు అంటిన చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ అంది.

"నువ్వు సరిగనే రాసినవ్ బిడ్డా."